ఒక బొంత పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ.వె.
పాత చీర చింపి పరచిన బొంతలో
కొత్త గుడ్డకన్న గోము గలదు
పారవేయకమ్మ పనికిరాదనుచును
చలికి నదియె తోడు సంకురాతి

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ కొలచల మల్లినాథ సూరి రెండు మాటలిచ్చాడు: మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ. మెతుకుసీమ కొల్చారం వాడని మనవాళ్ళు గర్వంగా చెప్పుకునే ఆ మహానుభావుడికి ముందుగా నమస్కరించి, ఆయన చేయనన్న రెండు పనులూ చేయడానికి పూనుకుంటున్నాం. మేఘసందేశానికి ఆయన ఉన్నాడు. బొంతకు ఎవరున్నారు?

ఇక సందర్భం. భోగికి ముందురోజు. ఇల్లు దులుపుతున్నారు. బీరువా అడుగు నుంచి వెలిసిన నేత చీరలు, జాకెట్టు ముక్కలు, టైలరు మూటగట్టి ఇచ్చిన కత్తిరింపులు బయటపడ్డాయి. గృహిణి ముందు మూడు దారులున్నాయి: తెల్లవారితే వెలిగే భోగిమంట, వీధిలో పాత బట్టలకు స్టీలు సామాన్లిస్తామని కేక వేస్తున్న మనిషి, గుమ్మంలో ఆగిన చెత్తబండి. ఆమె స్టీలు గిన్నె వైపు మొగ్గుతున్న సమయాన లోపలి గదిలోంచి ఈ పద్యం వినిపించింది. పద్యం బయటికి వచ్చిందే గాని, చెప్పినవాడు మంచం దిగి రాలేదు. ఈ సంగతి మున్ముందు సాక్ష్యానికి పనికొస్తుంది గనుక పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఈ పద్యం ఏ చాటు సంకలనంలోనూ లేదు. కర్త తన పేరు చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదో సిద్ధాంత భాగంలో తేలుతుంది.

ప్రతిపదార్థం

పాత = పాతదైన. కొన్న సంవత్సరం ఇక్కడ ప్రమాణం కాదు. గంజి పూర్తిగా వదిలి, ఉతుకు ఉతుక్కీ పోగు నలిగి, బుగ్గకు ఆనించుకున్నా గరుకు తగలని దశకు చేరిందని గ్రహించాలి. మడత విప్పకుండా పదేళ్ళు పడి ఉన్న పట్టుచీర పాతది కాదు, కట్టనిది మాత్రమే.

చీర = నూలు నేత చీర. జార్జెట్టుకూ పాలిస్టరుకూ ఈ పద్యంలో ప్రవేశం లేదు. అవి పొరల మధ్య జారిపోతాయి, చెమట పీల్చవు, ఎన్నేళ్ళు ఉతికినా నూలు మెత్తబడినట్టు మెత్తబడవు.

చింపి = చించి. దీని మీద పెద్ద వివాదం ఉంది. తగిన చోట తేలుస్తాం.

పరచిన = నేల మీద పొరలుగా పరిచిన. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. సరిగ్గా ఒక మనిషికి చాలే కొలత. అలాంటివి రెండు చీరలైతే ఆరు పొరలు. మడతల్లో ముడత లేకుండా లాగి, నాలుగు అంచులా పెద్ద పెద్ద టాకాలు వేసి నిలబెట్టడం కూడా ఈ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది.

బొంతలో = బొంతయందు. దీన్నే సంస్కృతంలో కంథ, వంగభాషలో కాంథా, ఉత్తర కర్ణాటకలో కౌది, మరాఠీలో గోధడి అంటారు.

కొత్త గుడ్డకన్న = జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పండుగ తగ్గింపు అని రాసి అమ్మే కంఫర్టరు కంటె.

గోము = గారాబం, లాలన.

కలదు = ఉన్నది. ‘ఎక్కువ’ అనే మాట మూలంలో లేదు. లేని మాటను సందర్భాన్ని బట్టి తెచ్చి కలుపుకోవడాన్ని అధ్యాహారం అంటారు. ఈ కవి దగ్గర ఆ అవసరం తరచు పడుతుంది.

పనికిరాదు అనుచును = ‘ఇది దేనికీ పనికిరాదు’ అని అంటూ.

పారవేయకు + అమ్మ = ఓ తల్లీ, పారేయవద్దు. ఇక్కడ ‘అమ్మ’ ఎవరు? అత్త కోడలితో అన్నమాట అని కొందరు. అది పొసగదు. అత్తగారైతే పద్యం చెప్పేలోపే వచ్చి మూట లాక్కునేది. కూతురితో తల్లి అన్నదని మరికొందరు. తల్లయితే చెప్పదు, సూది దారం చేతికిస్తుంది. కాబట్టి మగడే భార్యతో అన్నాడని నిశ్చయం. మగడు భార్యను అమ్మా అనవచ్చునా అంటే, మంచం దిగకుండా పని జరగాల్సినప్పుడు అనవచ్చును.

చలికిన్ = చలికాలమందు కలిగే వణుకునకు. లంబసింగి, అరకు, ఆదిలాబాద్ పాఠకులకు ఈ మాట అనుభవం. విజయవాడ పాఠకులు కవి మీది గౌరవంతో నమ్మాలి.

అదియె = ఆ బొంతయే. ఏవకారం చేత కంబళి, రజాయి, పక్కింటి నుంచి తెచ్చిన దుప్పటి నిరస్తమైనవి.

తోడు = సహాయం.

సంకురాతి = సంక్రాంతికి. ‘కి’ అనే ప్రత్యయం ఏమైనదని శిష్యులు అడగవచ్చు. దేన్నీ పారవేయవద్దని చెప్పే పద్యంలోనే కవి విభక్తిని పారవేశాడు. గణం కోసం చేసిన పని గనుక క్షంతవ్యం.

తాత్పర్యం

అమ్మా, పాత చీరలతో చేసిన బొంతలో కొత్త దుప్పట్లో లేని లాలన ఉంది. పనికిరాదని ముక్కను పారేయకు. సంక్రాంతి చలికి అదే దిక్కు. (అనగా: నాకు చలిగా ఉంది.)

విశేషాలు

గోము అనేది కవి ఊహ కాదు, దానికి భౌతిక కారణం ఉంది. కదలని గాలి వేడిని సులభంగా పోనివ్వదు. ఆరు పొరల మధ్య ఐదు చోట్ల పలచని గాలి చిక్కుకుంటుంది, కుట్టుకూ కుట్టుకూ మధ్య గుడ్డ కాస్త ఉబ్బి దాన్ని పట్టి ఉంచుతుంది. ఒంటి వేడి ఒంటి దగ్గరే ఉంటుంది. మెత్తదనం మాత్రం ఉతుకులు ఇచ్చింది. అందుకే పసిబిడ్డ పొత్తిగుడ్డలకు ఇంట్లో అందరికంటె పెద్దావిడ కట్టి వదిలిన చీర వెతుకుతారు.

ముక్కకు ముక్కకు అధికార భేదం ఉంది. చీరలో కూర్చునే చోటు ముందు పోతుంది. అంచు, కొంగు చివరిదాకా గట్టిగా ఉంటాయి. కాబట్టి నలిగిన భాగం లోపలి పొరకు, కొంగు పై పొరకు, అంచు నాలుగు వైపులా గట్టుకు. అరచేయంత జాకెట్టు ముక్క ఉంటే చిరిగిన చోట అతుకవుతుంది. అలాంటివి పది కలిస్తే కూరగాయల సంచి. అంతకన్న చిన్నదైతే దిండులోకి. పొడుగాటి పీలికయితే జడలా అల్లి చుట్టుకుంటూ పోతే కాళ్ళు తుడుచుకునే పట్టా, ఇంకా మిగిలితే చుట్టకుదురు. దేనికీ కాని నూలు ముక్క వంటింట్లో మసిగుడ్డ. అక్కడ నల్లబడ్డాకే దానికి మోక్షం.

నిషేధాలు కూడా ఉన్నాయి. కొత్త నూలు గుడ్డను తడపకుండా పాతదానితో కలిపి కుట్టకూడదు. మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి పక్క ముక్కను ముడతలుగా లాగుతుంది. రంగు దిగే గుడ్డను ముందే ఉప్పు నీళ్ళలో నానబెట్టి చూడాలి. తడిపినకొద్దీ రంగు వస్తూనే ఉంటే దాన్ని మసిగుడ్డ వర్గంలో చేర్చాలి. మిషన్ మీద కుట్టవచ్చునా అంటే, 16 లేదా 18 నంబరు సూది వేసి, కుట్టు పొడుగు పెంచి కుట్టవచ్చును. శాస్త్రం ఒప్పుకుంటుంది, అమ్మమ్మలు ఒప్పుకోరు.

బొంత పేదరికానికి గుర్తు గదా అని ఆక్షేపించేవారికి ప్రమాణాలు చూపుతున్నాం. భజగోవింద స్తోత్రంలో వీధిలో దొరికిన పేలికలతో కుట్టిన కంథ ధరించిన యోగి ఉన్నాడు. బౌద్ధ వినయపిటకం ప్రకారం, బుద్ధుడు మగధలో గట్లు తీరిన వరిమళ్ళను చూపించి, భిక్షువుల చీవరం ఆ పద్ధతిలో ఉండాలంటే, ఆనందుడు ముక్కలు కత్తిరించి అలాగే కుట్టి చూపించాడు. అమరావతిలో, నాగార్జునకొండలో మెలగిన భిక్షువులు కప్పుకున్నవి ముక్కలు కుట్టిన బట్టలే. కోరి ముక్కలు చేసి మళ్ళీ కుట్టుకున్నారంటే అది లేమి కాదు, నియమం.

అలంకార చర్చ

పాతదాన్ని కొత్తదానికన్న మిన్న అన్నాడు గనుక వ్యతిరేకాలంకారమని ఒక మతం. ఉన్నదున్నట్టు చెప్పాడు గనుక స్వభావోక్తి అని మా మతం.

ఇక్కడే లోకంలో చెలామణి అవుతున్న ఒక దుష్ప్రయోగాన్ని ఖండించాలి. నాలుగు పార్టీలు కలిసి గద్దెనెక్కితే పత్రికల వాళ్ళు ‘అతుకుల బొంత ప్రభుత్వం’ అని రాస్తారు. ఎప్పుడు విడిపోతుందో తెలియదని వాళ్ళ భావం. బొంతను ఎన్నడూ కప్పుకోనివారి మాట ఇది. బొంతలో ప్రతి కుట్టూ ఆరు పొరలనూ దాటి వెళ్ళి వెనక్కి వస్తుంది. ఒకచోట దారం తెగితే పక్క వరుస పట్టుకుంటుంది. ఒక ముక్క చిరిగితే దాని మీద ఇంకో ముక్క పడుతుంది, బొంత మందమవుతుంది. ఏళ్ళ తరబడి నిలిచే వస్తువు పేరును ఐదేళ్ళు నిలవని వాటికి పెట్టడం అన్యాయం.

పూర్వపక్షం

ఇప్పుడు వాయిదా వేసిన వివాదానికి వద్దాం. పద్యంలో క్రియలు లెక్కపెట్టండి. చింపడం ఉంది, పరచడం ఉంది, పారవేయడం ఉంది, పనికిరాకపోవడం కూడా ఉంది. కుట్టడం లేదు. బొంత పద్యంలో కుట్టు లేదు!

ఆటవెలది చిన్నది, చోటు చాలలేదని కొందరు కవిని సమర్థిస్తారు. ‘పరచిన’ అంటే కుట్టి పరచిన అనే అర్థమని మరికొందరు. అధ్యాహారం చేసుకుంటే సరిపోతుందని ఇంకొందరు.

సిద్ధాంతం

ఇవేవీ నిలవవు. అధ్యాహారం చేసుకోదగ్గది చిన్న మాట. ఇక్కడ వదిలేసిన మాట ఎంతదో లెక్క కట్టి చూపుతాం. బొంత పొడవు 72 అంగుళాలు. అంగుళానికి ఒక వరుస చొప్పున వెడల్పులో 45 వరుసలు. అంగుళానికి రెండు కుట్లే అనుకున్నా ఒక్క బొంతకు 6,480 కుట్లు. మధ్యాహ్నం అంట్లు తోమి, పొయ్యి తుడిచి, అందరూ కునుకు తీసే వేళ ఆ కుట్లు పడతాయి. వేలికి సూది గుచ్చుకుంటే చప్పరించి మళ్ళీ మొదలుపెడతారు. 6,480 కుట్లను అధ్యాహారం చేసుకొమ్మనడం వ్యాకరణం కాదు, దబాయింపు.

పోనీ, ఉన్న ‘చింపి’ అయినా సరైనదా? మంచి బొంతకు చీరను చింపరు. మడుస్తారు. చింపితే పోగులు లేస్తాయి, అంచు మడిచి కుట్టే పని పెరుగుతుంది. చిరిగిన చోటే ముక్కలు చేస్తారు. కనుక కవికి బొంత ఎలా తయారవుతుందో తెలియదు. చీర చిరిగిన చప్పుడు విన్నాడు, రాత్రికి పక్క పరిచి ఉండటం చూశాడు. నడుమ నెల రోజులు ఏం జరిగిందో ఆయనకు కనిపించలేదు. అవతారికలో చెప్పిన మంచం ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. పేరు చెప్పుకోకపోవడానికి కారణం ఇదే.

కుట్టినవారిని మరిచిపోవడం ఈ ఒక్క కవి దోషం కాదు. కాంథాలకు పాత చీరల అంచుల నుంచే రంగు దారాలు లాగి, చేపలూ తామరలూ కుట్టిన బెంగాలీ స్త్రీలలో ఎక్కువమంది పేర్లు మనకు దక్కలేదు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ స్త్రీలు కవాండి అనే తమ బొంతను అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకొస్తారు. నాలుగు మూలలా మడత గుడ్డతో ‘ఫూల’ పెట్టనిదే అది పూర్తయిందనరు. అంత నియమమున్న పనిని చాలాకాలం లోకం ‘పాత గుడ్డలు’ అనే అన్నది. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పనిబట్టల ముక్కలతో చలికోసం కుట్టుకున్న క్విల్టులను 2002లో హ్యూస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ గోడలకెక్కించింది. కుట్టినవారి పేర్లు పక్కన రాసింది. 2006లో వాటి మీద ఆ దేశం తపాలా బిళ్ళలు వేసింది. గుడ్డ అదే, కుట్టు అదే. పేరు రాయడంతో బొంత కళాఖండమైంది.

ఛందస్సు, పాఠ నిర్ణయం

ఇది ఆటవెలది. మొదటి పాదంలో పా–ప, రెండవ పాదంలో కొ–గో, మూడవ పాదంలో మళ్ళీ పా–ప, నాలుగవ పాదంలో చ–సం యతులు చెల్లాయి. మొదటి పాదపు యతినే మూడవ పాదంలో తిరిగి వాడుకోవడం విషయానికి తగిన పొదుపు.

అయితే మొదటి పాదాన్ని ఇకమీదట ఇలా దిద్దుకొని చదవాలని మా నిర్ణయం:

పాత చీర కుట్టి పరచిన బొంతలో

‘చింపి’ ఎంతో ‘కుట్టి’ అంతే. రెండూ హగణాలే. గణం చెడదు, యతి చెడదు. చోటు చాలలేదన్న సాకు మాత్రం చెడిపోతుంది.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని సరైన పాఠంతో చదివినవారికి ముక్కలు దాచే బుద్ధి కలుగుతుంది. కేవలం దాచేవారికి బీరువా నిండటం తప్ప వేరే ఫలం లేదు. కుట్టినవారికే బొంత. మీ ఇంట్లో బొంత ఉంటే, కుట్టినావిడ పేరు కనుక్కొని ఒక మూల రంగుదారంతో కుట్టండి. దారం ఎక్కించడం రాకపోతే ఆవిడనే అడిగి నేర్చుకోండి, పేరు మాత్రం మీ చేత్తోనే కుట్టండి.