‘పెద్దలందురు’: సటీకా తాత్పర్యము

మూలం
గబ్బిలము మేఘసందేశమును మించినదని పెద్దలందురు.

అవతారిక
1895లో వినుకొండలో పుట్టి, 1941లో ‘గబ్బిలం’ వెలువరించిన గుఱ్ఱం జాషువా మీద ఆ ఊరి డిగ్రీ కుర్రాడొకడు ఇరవై పేజీల వ్యాసం రాశాడు. దాని మొదటి వాక్యమిది. దిద్దమని నా చేతికిచ్చారు. ఎర్రసిరా చాలక వ్యాఖ్యానానికి పూనుకున్నాను.

ప్రతిపదార్థం
గబ్బిలము = జాషువా కావ్యము, వ్యాసకర్త తెరవనిది; మేఘసందేశమును = కాళిదాస కావ్యమును, వ్యాసకర్త చూడనిదానిని; మించినదని = ఎందులోనో చెప్పక దాటినదని; పెద్దలు = పేరు, పుస్తకము, పేజీ లేనివారు; అందురు = ఎక్కడో, ఎప్పుడో పలుకుదురు.

టీక
పెద్దలు: గౌరవార్థ బహువచనం. విచారించగా తేలిన పెద్ద ఒక్కరే, బజారు గైడు రాసినాయన. ఆయనా ‘విజ్ఞులందురు’ అనే రాశాడు. ఇది అనవస్థా దోషం.

అందురు: తద్ధర్మార్థక క్రియ. మూడు కాలాలకూ చెల్లుతుంది. కనుక ముద్రణ సంవత్సరం అక్కరలేదని కర్త ఆశయం.

అని: రెండక్షరాల గొడుగు. తప్పయితే పెద్దలది, మార్కులైతే తనవి.

శంక: వ్యాసం చివర పన్నెండు పుస్తకాల పట్టిక ఉంది కదా?

సమాధానం: ఉంది. ఏ పుస్తకం ఏ మాటకు సాక్ష్యమో లేదు. మిర్చి యార్డులో పన్నెండు టిక్కీలు పేర్చి, మూతి మాత్రం విప్పనంటే ధర కట్టేదెవరు? గుప్పెడు కాయ బయటికి తీయాలి, రంగు చూపాలి, తాలు లేదని తేల్చాలి. వ్యాసంలో ఆ గుప్పెడే ఉదాహరణ పద్యం. పద్యం అంటించి ఊరుకున్నా చాలదు, అది తన మాటను ఎలా నిలబెడుతుందో చెప్పాలి. యక్షుడు మేఘంతో భార్యకు పంపింది విరహం. అంటరానివాడు గబ్బిలంతో శివుడికి పంపింది ఆకలి, అవమానం. వీటిని పక్కపక్కన పెట్టి చూశాక కదా ‘మించినది’ అనేది!

విశేషం
మేఘసందేశానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన తెలుగువాడే. ఆయన నియమాలు రెండు: మూలం లేనిది రాయడు, అక్కరలేనిది చెప్పడు. మనవాడు మొదటిదాన్ని తొలి వాక్యంలోనూ, రెండోదాన్ని చివరి పట్టికలోనూ భంగపరిచాడు.

సీతాపహరణ వార్తను రాముడు విన్న కొండ గనుక వినుకొండ అయిందని స్థలపురాణం. ఇదీ విన్న మాటే, అందుకే స్థలపురాణమని పేరు పెట్టి చెబుతున్నాను. రామాయణంలో ఆ వార్త చెప్పింది జటాయువు: కళ్లారా చూసినవాడు, అడ్డుపడి రెక్కలు తెగినవాడు. రాముడు కూడా ‘పెద్దలందురు’ అనుకుని దక్షిణానికి నడవలేదు.

తాత్పర్యం
ఎవరన్నారో, ఏ పుస్తకంలోనో, ఏ పేజీలోనో రాయాలి. ముద్రణ మారితే పేజీ మారుతుంది గనుక సంవత్సరమూ వేయాలి. చదివేవాడు ఆ ఆనవాళ్లు పట్టుకుని అసలు మాట దగ్గరికి చేరుకోవాలి. సొంత మాటైతే ‘నా అభిప్రాయం’ అంటే చాలు, దానికి పెద్దలెందుకు? వ్యాసం తిప్పి పంపుతూ అడుగున ఒక్కటే రాశాను: నాయనా, ముందు గబ్బిలం చదువు.