పర్మినెంటా? క్వార్టర్ ఇస్తరా?

మా కాలంల పోరనికి నౌకరీ దొరికిందంటే ఇంట్ల అడిగే మాటలు మూడే ఉంటుండె. పర్మినెంటా? క్వార్టర్ ఇస్తరా? దవాఖాన ఉన్నదా? "గా కంపెనీ లోకానికి ఏం మేలు చేస్తున్నది" అని మా నాయిన అడగలే, ఊరి పెద్దమనుషులు సుత అడగలే. ఇప్పటి పిల్లలకు జీతం ఒక్కటే సాలదంట. పనికి అర్థం గావాలె, నలుగురి బతుకులు మారాలె. ఇంటర్వ్యూకు పోతే కంపెనీ వాళ్లే ముందుగాల చెప్తరంట, "మేం పైసల కోసం పెట్టలేదు" అని. పైసల కోసం పెట్టనోళ్లు జీతం కాడ అంతగనం బేరం ఎందుకు చేస్తరో నాకైతే సమజ్ కాలే.

నాది రుద్రారం. బొంబాయి రోడ్డు మీద గణేశ్ గడ్డ ఉన్న ఊరంటే ఎవరికైనా ఎర్కే. ఐటీఐల ఫిట్టర్ పాసై 1972ల రామచంద్రాపురం భెల్‌ల అప్రెంటిస్‌గ చేరిన, అక్కడనే రిటైరైన. చెకొస్లొవేకియా వాళ్ల సాయంతోటి 1960లల్ల పెట్టిన కార్ఖానా అది. 60 మెగావాట్ల, 110 మెగావాట్ల టర్బైన్ సెట్లు చేస్తుండె. ఆశయం, లక్ష్యం అని మాకు ఎవ్వరూ క్లాసు పీకలే. గోడ మీద భద్రత గురించి రాసి ఉంటుండె, పొగ తాగొద్దని రాసి ఉంటుండె, గంతే.

బేరింగ్ పని కాడ నిలబెట్టిన దినం మా ఫోర్‌మన్ ఒక్కటే మాట చెప్పిండు. "ఇది నిమిషానికి మూడు వేల సుట్లు తిరుగుతది. నువ్వు గీకినకాడ తప్పుంటే నీకు కనబడదు. ఎక్కడనో ఓ ఊర్ల రాత్రిపూట కరెంటు పోతది." ఆ బేరింగ్ లోపల తెల్లలోహం పోసి ఉంటది. షాఫ్ట్‌కు నీలిరంగు పల్చగ పూసి, బేరింగ్‌ల పెట్టి తిప్పి, మల్ల తీసి చూడాలె. రంగు అంటినకాడ ఎత్తు ఉన్నట్టు. స్క్రేపర్‌తోటి ఆ ఎత్తు గీకాలె, మల్ల పూయాలె, మల్ల తిప్పాలె. రంగు అంతట సమానంగ అంటేదాక అదే పని. భుజాలు పడిపోతుండె. ఇంటికొస్తే మా బావి కాడ కరెంటు మోటరు నడుస్తుండె, వరికి నీళ్లు పోతుండె. మేం చేసేది దేనికి అని ఎవ్వరూ పోస్టర్ కట్టి చెప్పే అవసరం రాలే.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలె. మా షాప్‌ల మెషీన్ల మీద ఆడపిల్ల కనబడకపోయేది. ఇప్పుడు మా మనమరాలు మా ఊర్లనే ఉన్న గీతం యూనివర్సిటీల ఎలక్ట్రానిక్స్ చదివి, చేతిల సోల్డరింగ్ కాలిన మచ్చలతోటి తిరుగుతది. ఆ మచ్చలు చూస్తే నాకు పానం నిమ్మళమైతది. కని నోరు తెరిస్తే "ఇంపాక్ట్" అంటది, అప్పుడు మల్ల కోపమొస్తది.

ఆమెకు బుద్ధి చెప్దామని కలాం సార్ ముచ్చట తీసిన. ఆయన హైదరాబాద్ డీఆర్డీఎల్‌ల క్షిపణులు చేస్తున్న కాలంల నిమ్స్ నుంచి ఎముకల డాక్టరు ఒకాయన ల్యాబు చూడనీకి వచ్చిండు. క్షిపణికి వాడే పదార్థం చేతిల పట్టి చూస్తే దూది లెక్క తేలికగ ఉన్నది. కలాం సార్‌ను దవాఖానకు తోల్కపోయి పోలియో పిల్లలను చూపించిండు. మూడు కిలోల పైన బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్సుకుంట నడుస్తున్నరు ఆ పిల్లలు. అదే పదార్థంతోటి 300 గ్రాముల కాలిపర్ చేసి ఇచ్చిన్రు. పిల్లలు ఉరుకుడు చూసి ఆయనకు కలిగిన సంతోషం గురించి ఆయనే ఎన్నోసార్లు చెప్పిండు. "చూసినవా బిడ్డా, దాని కోసం ఆయన కంపెనీ పెట్టలే, సర్కారు నౌకరీ చేసుకుంటనే చేసిండు" అన్న.

"మరి ఎంతమంది పిల్లలకు అందినయి తాతా? కంపెనీ పెట్టి నడిపిస్తెనే గద లక్షల మందికి అందేది" అన్నది.

టీవీ సప్పుడు పెంచిన.

ఆమె మాటల తప్పు లేదనుకోండ్రి. దేశంల మందులు అగ్గువైన కథ సుత అసొంటిదే. బాలానగర్‌ల రష్యా వాళ్ల సాయంతోటి ఐడీపీఎల్ అనే సర్కారు మందుల కార్ఖానా వచ్చింది 1960లల్ల. 1970ల పేటెంట్ల చట్టం మారింది. మందుకు కాదు, దాన్ని తయారు చేసే పద్ధతికే పేటెంట్ అన్నరు. ఐడీపీఎల్‌ల పని నేర్సుకున్నోళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టిన్రు. అంజిరెడ్డి గారు గట్ల వచ్చినాయనే, 1984ల డాక్టర్ రెడ్డీస్ పెట్టిండు. బొల్లారం, జీడిమెట్ల, పటాన్‌చెరు, పాశమైలారం, ఏ దిక్కు చూసినా మందుల కార్ఖానాలే. ఆఫ్రికాల బీదోనికి సుత మందు అందింది. లోకానికి మేలు జరిగిందా అంటే జరిగింది, ఎవరు కాదంటరు?

కని మా నక్కవాగు సంగతి అడగండ్రి. మా చిన్నప్పుడు చేపలు పట్టిన వాగు. 1980లు దాటేసరికి ఎర్రగ ఒకనాడు, పచ్చగ ఒకనాడు, నురుగు తోటి పారుడు మొదలుపెట్టింది. అది పోయి కలిసేది మంజీరల. పశువులు తాగుడు మానేసినయి. వాసనకు రాత్రి కిటికీ తెరవకపోయేది. 1990లనే కేసు సుప్రీంకోర్టు దాక పోయింది. తర్వాత అందరి మురికినీళ్లు ఒక్కకాడ శుద్ధి చేస్తమని పటాన్‌చెరుల ప్లాంటు పెట్టిన్రు. ఆ ప్లాంటు నుంచి బయటికొస్తున్న నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్ష చేసి 2007ల రాసిన్రు: ఒక్క సిప్రోఫ్లాక్ససిన్ మందే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక ఉన్నదంట. ఒక్క దినంల వాగుల పోయేది 90,000 మందికి సరిపోను మందు అని లెక్కగట్టిన్రు. జబ్బు లేకున్నా మా వాగుకు దినాం మందు వేసిన్రు. ఆ మందుకు చావని పురుగులు అక్కడనే పుట్టి పెరిగినయి. అంటే లోకంల జరం తగ్గించే మందు ఇక్కడ పనిచేయకుండ పోయే దారి మొదలైంది మా ఊరి పక్కనే.

ఆ కొట్లాట నడిపినోళ్లల్ల పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు గారి పేరు చెప్పకపోతే తప్పైతది. దవాఖాన నడుపుకుంట, రైతులను కూడగట్టి, కోర్టుల సుట్టు ఏండ్లకేండ్లు తిరిగిండు. ఆయనకు జీతమిచ్చే కంపెనీ లేదు, ఆయన పనికి అర్థం ఉందా అని అడిగే హెచ్ఆర్ లేదు.

మా దిక్కున్న ఇక్రిశాట్ సుత నేను నౌకరీల చేరిన 1972లనే వచ్చింది. కాచిరెడ్డిపల్లి, మన్మూల్ ఊర్లు లేపి ఆ భూములు ఇచ్చిన్రు. మెట్టపంటల మీద పరిశోధన, బీద రైతు కోసం. ఊరు పోగొట్టుకున్నోళ్లకు అప్పుడు గీ మాట చెప్తే ఎంత అర్థమైందో ఏమో. అయినా పని జరిగింది. మా మనమరాలు సెల్‌ఫోన్ల చూపించింది, 2016ల మైక్రోసాఫ్ట్‌తోటి కలిసి ఇక్రిశాట్ వాళ్లు కర్నూలు జిల్లా దేవనకొండ మండలంల 175 మంది రైతులకు పల్లి ఎప్పుడు విత్తాలనో మెసేజ్‌లు పంపిన్రంట. మామూలు ఫోనుకు, తెలుగుల. ఓపిక పట్టి విత్తినోళ్లకు దిగుబడి 30 శాతం ఎక్కువొచ్చిందన్నరు. ఇది నాకు నచ్చింది. ఆరుద్ర కార్తె చూసి విత్తిన మా నాయినకు సుత నచ్చేది. మొగులు నమ్మకంగ లేని రోజులల్ల విత్తనం దండుగ గాకుండ చూసుడే రైతుకు పెద్ద సాయం.

ఇంక ఖేతి అని హైదరాబాద్ పిల్లలు చిన్న రైతులకు గ్రీన్‌హౌస్‌లు చేసి ఇస్తరంట, 2022ల ఇంగ్లండు యువరాజు పెట్టిన ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. మంచిదే. బహుమతి కంటె ఆ రైతు నాలుగో పంటకు సుత అందులనే ఉన్నడా అన్నది నాకు ముఖ్యం.

మంచి పని చేసే కంపెనీ అంటే పెట్టినోడు మంచోడని పిల్లలు అనుకుంటరు. 108 బండిని చూడండ్రి. 2005 ఆగస్టు 15న మొదలుపెట్టింది సత్యం రామలింగరాజు. 2009 జనవరిల ఆయన లెక్కల మోసం ఆయనే ఒప్పుకున్నడు. బండి మాత్రం ఆగలే, ఇప్పటికీ ఉరుకుతున్నది. ఆ బండి తోలేటోన్ని "పైలట్" అంటరు. పేరు పెద్దదే, జీతాల కోసం సమ్మె కట్టింది సుత గా పైలట్లే.

నా అసలు కోపం ఇగో గీడ ఉన్నది. కంపెనీల ఆశయం కాయితం పెండ్లిపత్రిక లెక్క ఉంటది, సుట్టాలందరి పేర్లుంటయి, వంట చేసినోని పేరు ఉండది. 2025 జూన్ 30న పాశమైలారంల పేలుడైంది. గోలీలల్ల కలిపే పొడి చేసే కార్ఖానా. నలభై మంది పైన పోయిన్రు. ఎక్కువ మంది బిహార్, ఒడిశా దిక్కు నుంచి వచ్చినోళ్లే. ఎవరు ఎవరో డీఎన్‌ఏ పరీక్ష చేసి తేల్చవలసి వచ్చింది. వాళ్లు చేసిన పనికి అర్థం లేదా? మనం మింగే గోలీల వాళ్ల పని ఉన్నది. మా కాలంల మేము యూనియన్ల పేరుతోటి గేటు కాడ గంటలు గంటలు కూసుంటే "పనిదొంగలు" అన్నరు. హెల్మెట్ కోసం, బూట్ల కోసం, ఈఎస్‌ఐ కోసం కూసున్నం. ఇప్పుడు గేటు కాడ కూసునే హక్కు ఉన్నోడే లేడు, అందరూ ఏజెన్సీ మనుషులైన్రు.

మొన్న మనమరాలికి ఓ మెడికల్ పరికరాల కంపెనీల పని దొరికింది. సుల్తాన్‌పూర్‌ల సర్కారు మెడికల్ డివైజెస్ పార్కు పెట్టినంక ఈ దిక్కు అసొంటియి బాగనే వచ్చినయి. పల్లె దవాఖానలల్ల పసిపిల్లల గుండె సప్పుడు చూసే మెషీన్ చేస్తరంట. మంచి పని. సంతోషమే. అందుకనే ఇంటర్వ్యూకు పోయేటప్పుడు నాలుగు మాటలు రాసి ఇచ్చిన, అడుగు అని. సర్క్యూట్ బోర్డులు కడిగే నీళ్లు ఎటు పోతయి? రాత్రి షిఫ్టుల దెబ్బ తగిలితే ఏ దవాఖానకు తోలుకపోతరు? ప్యాకింగ్ చేసే ఆడోళ్లు పర్మినెంటా? వాళ్లకు ఈఎస్‌ఐ కార్డు ఉన్నదా?

"నన్ను నవ్వులపాలు చేస్తవా తాతా" అన్నది. అడిగింది మాత్రం. మొదటి రెండింటికి జవాబు మంచిగనే చెప్పిన్రంట, నీళ్ల ట్యాంకు సుత చూపించిన్రంట. మూడోదానికి "వాళ్లు మా వాళ్లు కాదు, కాంట్రాక్టర్ వాళ్లు" అన్నరంట.

"నాలుగోది?"

"గదే జవాబు తాతా."

కాంట్రాక్టర్ పేరేంది, ఆయన పైసలు కడ్తున్నడా లేదా కనుక్కో అన్న. సోమవారం చేరుతది. చేరినంక మొదటి వారంల అడుగుడు బాగుండదు, నెల ఆగుతనన్నది. నెల ఆగు, కని మర్సిపోకు అన్న.