రిపోర్టుల రాయుడు

ఉప్పలగుప్తం మండలంలో రిపోర్టుల రాయుడు లేని ఊరు ఉండదు. వయసు నలభై దాటి ఉంటుంది, రెండు రొయ్యల చెరువులుంటాయి, పొద్దున్నే ఎస్.యానం బీచిలో పరుగు, సాయంత్రం షటిల్. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి 2023లో గిన్నిస్‌కెక్కిన సాత్విక్ సాయిరాజ్ మన అమలాపురం కుర్రాడే గనక, ఆ ఆటలో తనకూ వాటా ఉందని ఈయన నమ్మకం. కొట్టిన స్మాష్ నెట్టు దాటినా దాటకపోయినా, నెలకోసారి రక్తం మాత్రం ల్యాబు గడప దాటుతుంది. సూది గుచ్చిన చోట దూదీ ప్లాస్టరూ సాయంత్రం దాకా తియ్యడు, మెడల్లా మోస్తాడు. "బాగున్నారా?" అని పలకరిస్తే "ఆయ్, ఫెరిటిన్ 28 అండి" అంటాడు.

ఆటలాడేవాళ్లు రక్తపరీక్ష చేయించుకోవడం తప్పు కాదు. రాయుడి తప్పల్లా ప్రశ్న లేకుండా పరీక్షకి వెళ్లడం, వచ్చిన జవాబులో లావు అక్షరాలే చదవడం. రిపోర్టులో పక్కన వేసే హద్దుల్ని సాధారణంగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది ఇమిడేలా గీస్తారు. మిగతా ఐదుగురూ ఏ జబ్బూ లేకుండానే గీత బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, నిక్షేపంగా ఉన్నవాళ్లలోనే నూటికి 64 మందికి కనీసం ఒక్కటైనా గీత దాటి లావు అక్షరాల్లో పడుతుంది. ఈయన తీసుకునేది అరవై పరీక్షల ప్యాకేజీ! పైగా ఆదివారం టోర్నమెంటు, సోమవారం పరగడుపున రక్తం. నలిగిన కండలోంచి సీకే అనే ఎంజైము రక్తంలోకి కారుతుంది. లీవరు సొత్తనుకునే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కండల్లోనూ ఉంటాయి. గట్టి కసరత్తు తర్వాత పెరిగిన ఈ అంకెలు వారం దాకా దిగకపోవచ్చు. ఆ సంగతి ఇంట్లో ఎవరికి తెలుసు? చుక్క ముట్టని మనిషిని పట్టుకుని ఇల్లాలు, "ఏవండీ, చెరువు గట్టు మీద రాత్రిళ్లు ఏం జరుగుతోంది?" అంటుంది. దానికి తోడు జిమ్ కుర్రాడు చెప్పాడని క్రియాటిన్ పొడి తాగి, క్రియాటినిన్ పెరిగిందని కిడ్నీల మీద బెంగ. ఆ పొడి ఒంట్లో చివరికి మారేదే క్రియాటినిన్‌గా.

"ముందే కనిపెడితే మంచిది కదండి?" అంటాడు. మంచిదే. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ చెప్పే ఇనుము నిల్వ పడిపోతే ఒంట్లో సత్తువ తగ్గవచ్చు, అది రక్తపరీక్షలోనే తేలుతుంది. కానీ ఆ సూది అందాల్సిన చెయ్యి ఎవరిది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత. హైస్కూలు తరఫున కబడ్డీ ఆడే కూతురు కళ్లు తిరిగి కూర్చుంటే మాత్రం "ఎండ దెబ్బమ్మా, మజ్జిగ తాగు" అని తేల్చేస్తాడు. మజ్జిగకి రిపోర్టు అక్కర్లేదు మరి.

పెద్ద ఆటగాళ్లు చేయించుకోవట్లేదా అన్నది ఆయన రెండో బాణం. చేయించుకుంటారు, వాళ్ల లెక్క వేరు. డోపింగ్ పట్టడానికి 2009లో మొదలైన అథ్లెట్ బయలాజికల్ పాస్‌పోర్టు చూడండి: ఆటగాడి రక్తాన్ని పోల్చేది ప్రధానంగా అతని పాత రక్తంతోనే. దూరపు పరుగుల సాధనతో నెత్తురులో నీటి పాలు పెరిగి హిమోగ్లోబిన్ అంకె కాస్త పలచబడితే, పాత కాగితాలు చూసే డాక్టరు కంగారుపడడు.

ఈ విద్య రాయుడికి రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. చెరువు నీళ్లు ల్యాబుకి పంపి, అమ్మోనియా పెరిగిందంటే మేత తగ్గిస్తాడు, ఏరేటర్లు తిప్పుతాడు. చెక్ ట్రే పైకెత్తి, రొయ్యని వెలుతురుకి పట్టి పేగు నిండిందో లేదో చూసుకున్నాకే కాగితం నమ్ముతాడు. జోరువాన మర్నాడు నీళ్లలో ఉప్పు తగ్గితే రొయ్యకి రోగమనడు, వాన కురిసిందంటాడు. తన ఒంట్లో ఆదివారం కురిసిన వానే ఆయన లెక్కకి రాదు.

రాయుడుగారూ, ఈసారి వారం రోజులు గట్టి ఆట ఆపి వెళ్లండి. పాత కాగితాలు పట్టుకెళ్లండి. బండి వెనక సీటు ఖాళీయే కదా, ఆ కబడ్డీ పిల్లని కూడా ఎక్కించుకోండి.