ఏడు సోమవారాల గుర్రపుడెక్క

వాడపల్లి వెంకన్న దగ్గర లెక్క సూటిగా ఉంటుంది. ఏడు శనివారాలు రావాలి, వచ్చిన ప్రతిసారీ ఏడు ప్రదక్షిణలు చెయ్యాలి, కోరిక తీరుతుందని నమ్మకం. మురుగు కాలువ బాగు చేయించుకోవాలనే కోనసీమ రైతుకు మాత్రం వారం మారుతుంది. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేది సోమవారం. ఇక్కడ ప్రదక్షిణలకు లెక్కంటూ లేదు.

ఉండదు మరి. ఆ మురుగు నీటికి దారి పొడుగునా యజమానులు మారిపోతుంటారు. ఇళ్ళ ముందు పారినంతసేపూ పంచాయతీది. రోడ్డు పక్కకొస్తే రోడ్ల శాఖది. చేలోంచి దిగే బోదె రైతుదే, తవ్వుకోవాలి. పెద్ద డ్రెయిన్‌లో పడ్డాక జలవనరుల శాఖది. సముద్రం దగ్గర ఇసుక మేటేసి మొగ మూసుకుపోతే దేవుడిది. (వెంకన్నది అనకండి, ఆయన గౌతమి గట్టున ఉన్నాడు.) పదిమందిలో పాము చావదంటారు. గుర్రపుడెక్కా అంతే.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు దిగితే అడుగు కనబడుతుంది, ఎంత పూడిక తీశారో కొలవొచ్చు. బహుశా అందుకే దిగరు. అంచనాలు, అనుమతులు, టెండర్లు ఎండాకాలమంతా ఫైళ్ళలో నిద్రపోయి తొలకరికి లేస్తాయి. కాలువ నిండాక పొక్లెయిన్ వస్తుంది, పేపర్లో యుద్ధప్రాతిపదిక వస్తుంది. నీటి కింద ఎంత మన్ను తీశారో తెలియాలంటే మునిగి చూడాలి. ఎవరు మునుగుతారు? ఎం.బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాసిందే లోతు.

ఆ పొక్లెయిన్ పని కాసేపు నిలబడి చూడాల్సిందే. ఊదా పూలతో సహా డెక్కను ఎత్తి గట్టు మీదే కుప్ప పోస్తుంది. నల్లటి వేళ్ళ కుచ్చుల్లోంచి బురద నీళ్ళు మళ్ళీ కాలువలోకే కారతాయి. కుప్ప ఎండేలోపు ఒక జడివాన చాలు, సగం జారి స్వస్థలానికి చేరుతుంది. దూరంగా తరలించే ఖర్చు అంచనాలో లేకపోతే తరలదు, ఉన్నా తరలదు. అదను దొరికితే గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అదే రెండు వారాల్లో మన ఫైలు ఒక బల్ల మీంచి పక్క బల్లకు చేరితే గొప్ప. మరుసటి ఏడు అదే చోటు, అదే డెక్క, కొత్త బిల్లు.

నిధుల్లేవంటారు. డెల్టా రైతు నుంచి డ్రైనేజీ సెస్సు వసూలు చెయ్యడానికి 1968లోనే చట్టం చేసిన రాష్ట్రం మనది. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీల గ్రాంటులో 60 శాతం పారిశుద్ధ్యానికీ తాగునీటికీ ముడిపెట్టింది. వసూలుకు చట్టం దొరికింది, తవ్వడానికి వేసవి దొరకలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర మొదలైన కాలువ లొల్ల లాకుల మీదుగా నీళ్ళు మోసుకొస్తూనే ఉంది. వచ్చిన నీటిని సాగనంపడమే ఇంకా చేతకావడం లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతోపాటు ముంపు మాటా చెప్పారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022లో పంట విరామం మాట మళ్ళీ వినబడింది.

కాబట్టి వచ్చే వేసవిలో కాలువలు కట్టేయగానే మీ ఊరి డ్రెయిన్ దగ్గరికి ఒక కొలకర్ర పట్టుకెళ్ళండి. పని మొదలెట్టకముందు ఒకసారి కొలవండి, అయిందన్నాక ఇంకోసారి కొలవండి. రెండు అంకెలూ గ్రామసభలో పైకి చదవమనండి, బిల్లు చెల్లించకముందే.