ఎముకల గూడుకు గాలి భయం

హాలోవీన్ పండగకు పిల్లల్ని భయపెట్టడానికి నన్ను తయారుచేశారు. నాకేమో గాలంటే భయం. పన్నెండడుగుల ఎత్తు మనిషినే గానీ ఒంటిమీద చిటికెడు కండ లేదు. ఉన్నదల్లా ప్లాస్టిక్ ఎముకలు, వాటిని నిలబెట్టే ఇనప గొట్టాలు, బ్యాటరీలతో కదిలే కనుగుడ్లు. 2020లో హోమ్ డిపో దుకాణాల్లో మా వంశం మొదలైంది. అప్పట్లో మా వెల 299 డాలర్లు. కరోనాతో జనం ఇళ్లకే పరిమితమైన ఏడాది అది. ఇంటిముందు పచ్చిక తప్ప వేరే లోకం లేనివాళ్లు ఎగబడి మమ్మల్ని కొన్నారు. 'స్కెల్లీ' అని ముద్దుపేరు కూడా పెట్టారు.

నేను చేరింది న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో ఒక తెలుగువాళ్లింటికి. పెట్టెలోంచి నా పుర్రె బయటపడగానే ఇల్లాలు రెండడుగులు వెనక్కి వేసింది. "గుమ్మం ముందు ఎముకల గూడేమిటండీ, అప్రాచ్యంగా!" అంది. "వీధంతా పెడుతున్నారమ్మా" అని పిల్లాడు గునిశాడు. చివరికి ఆవిడే తేల్చింది: "సరే, కొత్తింటికి దిష్టిబొమ్మ కట్టామనుకుందాం." అలా ఆ ఇంటి గ్యారేజీలో నాకు గృహప్రవేశం జరిగింది.

అక్కడ నాకంటే వయసులో పెద్దదొకటి ఉంది, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మితే కొన్న థర్మకోల్ సమాధిరాయి. అది చూడని వాతావరణం లేదు. 2011 అక్టోబర్ 29న ఆకులింకా రాలకముందే ముంచుకొచ్చిన మంచుతుపానుకు కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడటం చూసింది. సరిగ్గా ఏడాదికి, 2012 అక్టోబర్ 29న, శాండీ తుపాను న్యూజెర్సీ తీరాన్ని తాకింది. వీధుల్లో తెగిన తీగలు, కూలిన చెట్లు. ఆ చీకట్లో పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడగడం ప్రమాదమని గవర్నర్ క్రిస్ క్రిస్టీ హాలోవీన్‌ని నవంబర్ 5కి వాయిదా వేశారు. "పండగనే వెనక్కి నెట్టేసిన గాలికి మనమెంత?" అనేది సమాధిరాయి. అక్టోబర్ చివరి వారమంటే ఇక్కడ వేసవీ చలికాలమూ కొట్టుకునే సమయమని నాకు చెప్పింది అదే.

దాని ఒంటిమీద గుంటలుంటే పురుగు కొట్టిందేమో అనుకున్నాను. కాదు, పాత యజమాని డబ్బా రంగు స్ప్రే కొట్టాడట. ఆ రంగులోని ద్రావకం థర్మకోల్‌ని తినేస్తుంది. నీళ్లలో కలిసే రంగు, అదీ ఇంటి బయటి గోడలకు వేసేది, బ్రష్‌తో పూస్తే వానకూ ఎండకూ ఆగుతుంది. తేలికపాటి ఒళ్లు గాలికి ఎగిరిపోకుండా అడుగునుంచి ప్లాస్టిక్ గొట్టం దూర్చి, నేలలో పాతిన ఇనప కడ్డీకి తొడగాలి. ఇదంతా తెలిసి పుట్టినవాళ్లు ఎవరూ లేరు, పోయిన రాళ్లు నేర్పిన పాఠాలే.

నన్ను నిలబెట్టిన కొత్తలో ఇంటాయన నాకో నల్లటి అంగరఖా తొడిగాడు. అదే నా ప్రాణం మీదికి తెచ్చింది. నా పక్కటెముకల మధ్య ఇంతింత సందులు, మామూలు గాలి వాటిలోంచి దూరి తన దారిన పోతుంది. గుడ్డ కప్పేసరికి నేను తెరచాప ఎత్తిన పడవనయ్యాను. ఓ సాయంత్రం గాలి విసురుకు వెనక్కి విరుచుకుపడి ఎడమ భుజం కీలు ఊడింది.

సరిగ్గా అప్పుడే ఇల్లాలి తండ్రి పాలకొల్లు నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నాడు. ఆయన చాలాకాలం టెంట్ హౌస్ నడిపినవాడు. కాఫీ గ్లాసు పట్టుకుని నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"అల్లుడు గారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాట. ఆ దుప్పటి తీసేయండి."

"గెటప్ ఉండాలి కదా మామయ్యగారూ."

"గెటప్‌దేముంది బాబూ, పండగనాడు సాయంత్రం వేద్దాం. గాలికి ఎముక అడ్డం రాదు, గుడ్డే అడ్డమొస్తుంది."

"గాలి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది తాతయ్యా, మా సైన్స్ క్లాసులో చెప్పారు" అన్నాడు మనవడు.

"మాకు పెళ్లిపందిట్లో తెలిసిందిరా" అన్నాడాయన.

తరవాత పని ఆయనే చూసుకున్నాడు. నేలలో మేకులు దిగ్గొట్టే ముందు అల్లుడు 811కి ఫోన్ చేసి గ్యాస్ గొట్టాలూ తీగలూ ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించాడు. నాలుగు దిక్కులా నాలుగు మేకులు, ఒక్కొక్కటీ నాకు దూరంగా వెనక్కి వాలేలా. నిలువుగా కొడితే తాడు లాగినప్పుడు మేకు సులువుగా లేచొస్తుంది. వాన పడితే పచ్చిక నేల బురదై పట్టు వదులుతుంది కాబట్టి పొట్టి మేకులు పనికిరావన్నాడు. తాడు మెడకు కట్టబోతే అల్లుణ్ణి ఆపి, భుజాల కింద వెన్నుగొట్టానికి కట్టించాడు. తాడు వదులుగా ఉంటే గాలి ప్రతి విసురుకూ నన్ను కుదిపి మేకును పెకలిస్తుంది, మరీ బిగిస్తే నా కీళ్ల మీద బరువు పడుతుంది. షామియానా కట్టినవాడి వేళ్లకు ఆ బిగువు తెలుసు.

కొన్నాళ్లకు ఫోన్లలో హెచ్చరిక మోగింది. అట్లాంటిక్ తీరం వెంబడి అల్పపీడనం బలపడి ఈశాన్య గాలులు రేగుతాయి, దాన్నిక్కడ నార్‌ఈస్టర్ అంటారు. ఇంకో రెండు తాళ్లు కడదామా అని అడిగాడు అల్లుడు. "విప్పేద్దాం బాబూ. తుపాను గాలికి షామియానా నిలబెట్టి గెలిచినవాణ్ణి నేను చూళ్లేదు" అన్నాడు మామగారు. నన్ను నడుము దగ్గర విడదీసి, గోడవారన పడుకోబెట్టి, బరకం కప్పి అంచుల మీద ఇటుకలు పేర్చారు. ఎదురింటి గాలిబుడగ గుమ్మడికాయకు ఆ యోగం పట్టలేదు. దానికి ఊపిరి అడుగున తిరిగే ఫ్యానే. ఆకులు అడ్డుపడి ఫ్యాను ఆగింది, వాననీళ్లు మడతల్లో నిలిచి గుడ్డ బరువెక్కింది, ఆ తడిసిన బరువును గాలి ఈడ్చుకెళ్లి కంచె మీద చింపింది. ఫ్యాను ముందే ఆపి, గాలి తీసి, చుట్టిపెడితే బతికేది.

అలాంటి ఫ్యాన్లను నడిపే కరెంటు సంగతీ చెప్పాలి. ఇంటి బయటి ప్లగ్గులో జీఎఫ్‌సీఐ అనే రక్షణ ఉంటుంది. కరెంటు దారితప్పి అయిదు మిల్లీ ఆంపియర్ల మేర నేలలోకి కారినా చాలు, సరఫరా ఆపేస్తుంది. వానలో అది మాటిమాటికీ ఆగిపోతుంటే ఎక్కడో అతుకులో నీళ్లు చేరాయన్నమాట. ఆరుబయటకు తగిన తీగలే వాడి, అతుకుల్ని నేలకు ఆనకుండా ఎత్తులో ఉంచాలి.

వానా గాలీ మాత్రమే శత్రువులనుకుంటే పొరపాటు. 2024లో దీపావళీ హాలోవీనూ ఒకేరోజు, అక్టోబర్ 31న వచ్చాయి. నా పాదాల దగ్గర ప్రమిదలు పెడదామంటే, ప్లాస్టిక్‌కి నిప్పేమిటని ఇల్లాలే వద్దంది. వాటిని గుమ్మం మెట్ల మీద వరసగా పెట్టారు. ఆ నెలంతా న్యూజెర్సీలో చినుకు పడలేదనే చెప్పాలి. హాయిగా గడిచిందనుకున్నాను గానీ, నెత్తిన ఎండే ఎండ. అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పసుపు తిరిగి పెళుసెక్కుతుంది. అందుకే ఇప్పుడు ఏటా నన్ను నిలబెట్టే ముందు, ఆ కిరణాల్ని ఆపే పారదర్శకపు పూత పూస్తున్నారు.

పండగ మర్నాడే నన్ను తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, కళ్లలోంచి బ్యాటరీలు తీసి పెట్టెలో పెడతారు. తడిగా మూస్తే బూజు, బ్యాటరీలు వదిలేస్తే అవి కారి తుప్పు. నా తోటివాళ్లు చాలామంది గాలికి కాదు, ఈ పెట్టెల్లోనే పోయారు.

అయ్యా, అమ్మా, వాకిట్లో మాలాంటివాళ్లను నిలబెట్టేటప్పుడు మా మొహం ఎంత భయంకరంగా ఉందో చూసుకుంటారు, మంచిదే. దాంతోపాటు మేకు ఎటు వాలిందో, తాడు ఎక్కడ కట్టారో కూడా చూడండి. గాలి హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం మొహమాటపడకుండా మమ్మల్ని దించేయండి.