ప్లస్ ఆర్ మైనస్ పది

ఐజాక్ అసిమోవ్ తన 'ఫౌండేషన్' కథల్లో సైకోహిస్టరీ అని ఓ శాస్త్రాన్ని పుట్టించాడు. ఒక్క మనిషి రేపేం చేస్తాడో అది చెప్పలేదు గానీ, కోటానుకోట్ల జనం వందల ఏళ్ల తర్వాత ఏం చేస్తారో లెక్కగట్టేస్తుంది. షరతులు రెండే. జనం బోలెడంత ఉండాలి, జోస్యం సంగతి వాళ్ల చెవిన పడకూడదు. మొదటిదానికి మనకు లోటు లేదు. రెండోదానికి మన టీవీలు ఒప్పుకోవు.

2018 డిసెంబరు తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్ కూటమికి 65 సీట్లు, టీఆర్ఎస్‌కు 35 అని మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సెలవిచ్చారు. ప్లస్ ఆర్ మైనస్ పది. టీఆర్ఎస్‌కు వచ్చినవి 88. ఆ పదిని ఎంత సాగదీసినా 45 దాటదు కదా! ఆయనకు 'ఆంధ్రా ఆక్టోపస్' అని పేరు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో అసలు ఆక్టోపస్ పాల్ మాత్రం ఎనిమిదికి ఎనిమిదీ సరిగ్గా చెప్పింది. దానికి ఓటర్లతో మాట్లాడే అవసరం రాలేదు మరి.

మాట్లాడితే ఏమవుతుందో టీకొట్టు దగ్గర చూడాలి. సర్వే కుర్రాడు ట్యాబ్ తీసి, "ఈసారి ఎవరికి బాబాయ్?" అంటాడు. బాబాయ్ టీ ఆఖరి గుక్క దాకా తాగి, పక్క బల్ల మీద ఎవరున్నారో ఓరకంట చూసుకుని, "ఇంతకీ నిన్నెవరు పంపారు బాబూ?" అంటాడు. "సర్వే అండీ, ఏ పార్టీ కాదు." "అయితే రాసుకో. గాలి బానే ఉంది." ఎవరి గాలో మాత్రం చెప్పడు. కిందపడే రాయి న్యూటన్‌ని ఏ పార్టీ అని అడగలేదు. భౌతికశాస్త్రం బాగుపడింది అందుకే.

పోనీ, బాబాయ్ నిజమే చెప్పాడనుకుందాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైసీపీకీ దాదాపు 39 శాతమే. సీట్లు 11! మొదటిసారి ఎవరికి వారే పోటీ చేసిన టీడీపీ, జనసేన, బీజేపీ రెండోసారి చేతులు కలిపాయి. ఓటరు మనసు చదవడం ఒక ఎత్తు, నాయకులు ఎవరి పక్కన కూర్చుంటారో చెప్పడం ఇంకో ఎత్తు.

ఫలితాల రోజు సాయంత్రానికి మాత్రం మన విశ్లేషకులకు అన్నీ అర్థమైపోతాయి. అండర్‌కరెంట్, సైలెంట్ ఓటు, మహిళల మౌనం... జరిగినదాన్ని వీళ్లంత కచ్చితంగా ఊహించేవాళ్లు ప్రపంచంలో లేరు.

ఆఖరి విడత పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం అంటోంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో జూన్ 1 సాయంత్రం దాకా ఆపారు. చాలా సర్వేలు ఎన్డీయేకు 350 పైనే ఇచ్చాయి, వచ్చినవి 293. ఇంకో మూడు రోజులు, జూన్ 4 లెక్కింపు అయ్యేదాకా ఆపి ఉంటే, ఒక్క సీటు తేడా లేకుండా చెప్పి ఉండేవారు పాపం.