ఖాళీ సీసాకి విలువుండేది

పర్యావరణం కోసమని మా కోడలు వెదురు టూత్‌బ్రష్షులు తెప్పించింది. పెద్ద అట్టపెట్టె, అందులో బుడగల ప్లాస్టిక్కు, అందులో ఇంకో కవరు, అట్టడుగున బ్రష్షులు. మేం వేపపుల్ల విరిచి పళ్ళు తోముకుని, దాన్నే చీల్చి నాలుక గీసుకుని పారేసేవాళ్ళం.

అలాగని మేమేదో మహాత్ములమని కాదు. చేతిలో డబ్బుల్లేవు, అంగట్లో ఇన్ని సరుకులూ లేవు. పప్పూ బెల్లం పాతపేపరు పొట్లాల్లో వచ్చేవి. కట్టిన పురికొస కూడా ఉండచుట్టి దాచేది మా అమ్మ. నూనెకి సీసా మనమే పట్టుకెళ్ళాలి. రైలెక్కితే మరచెంబు. పెళ్ళిభోజనం అడ్డాకు విస్తట్లో. ఆ ఎంగిలాకులు పెంటకుప్పకి, అక్కణ్ణించి పొలానికి. గోళీసోడా తాగి సీసా ఇవ్వకుండా కదిలితే బండివాడు ఊరుకుంటాడా? అన్నయ్య చొక్కా నాకు, ఆనక తమ్ముడికి, చివరికి మసిగుడ్డ.

ఇప్పుడు మిక్సీ ఆగిందని రిపేరువాడి దగ్గరికి పట్టుకెళ్తే, "బాగుచేసే ఖర్చుతో కొత్తదొస్తుంది కదండీ" అంటాడు. వాడన్నదీ నిజమే, అదే నా ఏడుపు.

తలంటుకి కుంకుడుకాయలు పోయి షాంపూ వచ్చింది, సరే. కడలూరులో చిన్ని కృష్ణన్ గారు షాంపూని చిన్నచిన్న కవర్లలో పోసి పేదలకీ అందించారు. మంచి ఆలోచనే. కానీ ఇవాళ్టి ఆ కవరు రకరకాల పొరలు అతికించి చేసింది. విడదీయబోతే గిట్టదు. పాలకవరైతే పాతసామాన్లవాడు కొంటాడు. దీన్ని చెత్తేరుకునేవాళ్ళు కూడా ముట్టరు. 2022 జులై 1 నుంచి కేంద్రం ప్లాస్టిక్ స్ట్రాలూ చెంచాలూ నిషేధించింది. షాంపూ కవర్లనీ చిప్స్ కవర్లనీ మాత్రం ఆ జాబితాలో పెట్టలేదు. కొబ్బరినీళ్ళు తాగేవాడు దొరికాడు, కంపెనీవాడు దొరకలేదు!

మా కోడలికి బుద్ధులు చెప్పి లాభం లేదు. పొద్దస్తమానం కొను కొను అని ఫోను మోగుతుంటే ఏ ఇల్లాలు నిలుస్తుంది? మారాల్సింది పద్ధతి. అదే 2022లో నీలగిరి జిల్లాలో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్ళకి గుచ్చుకుంటున్నాయని, మద్రాసు హైకోర్టు చొరవతో అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకి 10 రూపాయలు అదనంగా పుచ్చుకోవడం మొదలెట్టారు. ఖాళీ సీసా తెస్తే తిరిగిస్తారు. తాగినవాళ్ళు తూలుకుంటూనైనా తెచ్చిస్తున్నారు. మన సోడాబండి పద్ధతే కదా ఇది!

షాంపూ కవరుకీ ఓ రూపాయి అలాగే కట్టించుకోమనండి. సరుకు ఖరీదూ అంతేనని కంపెనీలు గగ్గోలు పెడతాయి. పెట్టనీండి.